హార్మోని మాస్టర్ ఫోల్డరు

"మెమరీ ఫుల్ అయ్యింది భాయ్, జర ఖాళీ చెయ్యి" అని ఎవలన్న ఫోను నా చేతుల పెడితె, నాకు ముందుగాల హార్మోని మాస్టరే యాదికొస్తడు. మొన్న ఒక రైతు గట్లనే వచ్చిండు. పల్లికాయ తెంపుకుంట తెంపుకుంట అట్లనే లేచొచ్చినట్టున్నడు, వేళ్లకు ఇంక ఎర్రమట్టి ఉన్నది. "ఏం తీసెయ్యాలె?" అంటె "ఏదన్న తియ్యి, అన్ని నెట్ల ఉండనే ఉన్నయి గద" అన్నడు. "నెట్ల ఉన్నయని ఎవలు చెప్పిన్రు నీకు? చూసినవా?" అని నేను ఒక్కసారి లేసిన. పాపం, ఆయన బెదిరి రెండడుగులు ఎనుకకు జరిగిండు. ఎవలి మీది కోపం తన మీద తీస్తున్ననో ఆయనకేం తెల్సు.

మాది గోపాల్‌పేటల బస్సులు ఆగే కాడ మొబైల్ షాపు. మాస్టరు పోయిన చలికాలం పోయిండు. ఇప్పటికి గూడ వనపర్తి బస్సు ఆగితె దిగేటోళ్లను ఒకసారి చూస్త. అలవాటు, ఏం చేస్తం.

మాస్టరంటె బడి మాస్టరు కాదు. ఊర్లల్ల నాటకాలు నేర్పే మాస్టరు. పంటలు ఇంటికొచ్చినంక పది మంది కూడి "మాకొక ఆట కట్టియ్యి మాస్టర్" అంటె, హార్మోని పెట్టె ఎత్తుకొని పోయి, ఆ ఊర్లెనే ఉండి, ఎవుసం చేసుకునేటోళ్లకు పద్యాలు నేర్పి, మొకానికి రంగేసి స్టేజీ ఎక్కించేటోడు. పెట్టెకు వాళ్ల ఇంటామె పాత చీర చుట్టేటోడు. షేర్ ఆటోల జాగ లేకుంటె మనిషి సగం బయట ఏలాడేది గాని పెట్టె మాత్రం లోపట సీటు మీద కూసుండాలె. డ్రైవరు పైన కడ్తనంటె "నిన్ను కట్టుకోపో పైన" అనేటోడు.

తిండి కాడ గూడ మస్తు పెత్తనం. ఆట నేర్సుకునేటోళ్ల ఇండ్లల్ల రోజుకొక ఇంట్ల అన్నం. వంకాయ కూర పెడితె ఇగ అయిపాయె. "వంకాయ తిన్ననాడు నాకు పై సుతి ఎక్కదు" అని కంచం జరిపేటోడు. ఇది వట్టి అబద్ధమని అందరికి తెల్సు. అయినా ఏ ఇంట్ల గూడ ఆయనొచ్చిననాడు వంకాయ వండకపోతుండ్రి. పద్యం చెప్తుంటె నడ్మల ఎవలదన్న ఫోను మోగితె తిట్టకపోతుండె. ఆ రింగుటోను ఏ మెట్టు మీద ఉన్నదో పెట్టె మీద వెతికి పట్టుకొని, అదే వాయించి, "నీ ఫోను సుతి తప్పింది, గోపాల్‌పేటల మా భాయ్ కాడికి పోయి రిపేర్ చేపిచ్చుకో" అనేటోడు. కొందరు నిజమే అనుకొని వచ్చిన్రు నా తానికి. నేనేం చేయాలె, రింగుటోను మార్చి పంపిన.

ఇంకొక గుణం ఉండె ఆయనకు. వేషం ఇచ్చినంక ఇగ ఆ మనిషికి పేరుండదు. ఒకపారి షాపుకొచ్చి "భాయ్, రేపు మా రాణి వస్తది, ఫోను గ్లాసు పలిగిందంట, మంచిది ఎయ్యి" అని చెప్పి పోయిండు. ఆడమనిషి వస్తుందని నేను స్టూలు తుడిచి పెట్టిన. తెల్లారి వచ్చింది ఎవలు? ధరూర్ దిక్కు ట్రాక్టర్ డ్రైవరు. ఈ చెంప నుంచి ఆ చెంప దాక మీసాలు. "నేనే భాయ్, రాణిని" అన్నడు, ఇంత గూడ సిగ్గు లేకుంట. నాకు నవ్వాగక టెంపర్డ్ గ్లాసు వంకరకు అంటిచ్చిన.

ఒకప్పుడు ఒక్క ఊర్లెనే ఆటకు సరిపోను మంది దొరికేటోళ్లు. ఇప్పుడు దొరుకుతలేరు. ఆఖరి నాటకానికి మాస్టరు మూడు జిల్లాల నుంచి జమ చేసిండు. రాజేమో బల్మూర్ దిక్కు పత్తి రైతు, రాణి ధరూర్ ట్రాక్టరాయన, మంత్రి వనపర్తిల టెంట్‌హౌస్ నడిపేటాయన. కథ గూడ మాస్టర్ సొంతమే. కరువొస్తె ఒక రాజు కిరీటం తీసి పక్కన పెట్టి, తనే బాయి తవ్వుతడు. పద్యాలు గూడ తనయే, కాని ఒక్కటి గూడ కాయితం మీద పెట్టలే. "రాస్తె అక్షరం ఉంటది భాయ్, రాగం ఏడుంటది?" అనేటోడు. అన్ని నోట్లెనే.

ఆ నోటికే కష్టమొచ్చింది. గొంతు బొంగురుపోయి ఎంతకు తగ్గకుంటె హైదరాబాద్ల పెద్ద దవాఖానకు పోయిండు. వచ్చేటప్పుడు ఇంటికి పోలే, బస్సు దిగి సీదా నా షాపుకే వచ్చిండు. కౌంటర్ మీద మోచేతులు పెట్టి, "గొంతు పెట్టె తీసేస్తరంట భాయ్" అన్నడు. హార్మోని తిత్తి చినిగిందన్నట్టె చెప్పిండు. నేను స్టూలు ఆయన దిక్కు జరిపిన. ఆయనే అన్నడు, "మనిషైతె ఉంటడంట. మాట ఉండదు. ఆట కట్టినంక తీయున్రి అంటె వినలే వాళ్లు. నేను దవాఖానకు పోయేలోపల పద్యాలన్ని వాళ్ల ముగ్గురి తాన ఉండాలె. ఏం చేస్తవో చెయ్యి."

మొదాలు వాట్సాప్‌ల పంపినం. తెల్లారి రాజు ఫోను: "మాస్టర్ పద్యం శుభోదయం పూల కిందికి పోయింది భాయ్, ఎంత ఎక్కిచ్చినా దొరుకుతలేదు." ఇగ ఆయన చేను కాడ సిగ్నలే రాదు. పత్తి ఏరుకుంట పాడుకుందమంటె ఫోన్ల గుండ్రం తిరుక్కుంటనే ఉంటది. మాస్టర్‌కు కోపమొచ్చింది. "నాకు గవన్ని తెల్వదు. పాట ఫోను కడుపుల ఉండాలె. ఫోల్డర్ తెరువంగనె కనబడాలె, నొక్కంగనె పలకాలె. సిగ్నల్ ఉంటె ఉండె, పోతె పాయె."

అప్పుడు నేనొక పని చేసిన. నెట్ల ఒక ఖాతా తెరిచి, దాంట్ల 'మాస్టర్' అని ఫోల్డర్ పెట్టి, లోపట వేషానికొకటి చేసిన. ముగ్గురి ఫోన్లల్ల ఒక యాప్ ఏసిన. నెట్ల ఉన్న ఫోల్డర్‌కు, ఫోన్ల ఉన్న మామూలు ఫోల్డర్‌కు అది జోడి కడ్తది. సిగ్నల్ దొరికిన జాగల రెండింటిని ఒక్కతీరు చేసి పెడ్తది. సిగ్నల్ పోయినా పాట ఫోన్లనే ఉంటది. మాస్టరు ఈడ ఒక పద్యం మార్చి పాడితె, రాజు బల్మూర్‌ల చాయ్ తాగేటాల్లకు పాతది పోయి కొత్తది వచ్చి కూసుంటది. ఇది చూసి మాస్టరు చిన్నపిల్లగాని లెక్క అయిండు. పొద్దున ఒక రాగం, మాపటికి ఇంకో రాగం. రాజు మొత్తుకుండు: "జర ఒక్కకాడ నిలువు మాస్టర్, నేర్సుకునేలోపలనే మారుస్తున్నవ్!"

నేను ఒక్కటి చెప్పిన. "సార్, ఇది ఒకదిక్కే పెడ్దం. నెట్లకెల్లి ఫోన్లకు రానీ. ఫోన్ల ఏం చేసినా నెట్లకు పోవద్దు."

"కాదు" అన్నడు. "వాళ్లు పాడింది గూడ నాకు రావాలె. నేను దవాఖానల పండుకొని వినాలె. రెండు దిక్కుల పెట్టు."

"ఎవలన్న తీసేస్తె అందరియి పోతయి సార్."

"ఎవలు తీస్తరు భాయ్, పిచ్చా వాళ్లకు?"

ఇగ పాడుడు మొదలైంది. షాపు ఎనుకల ఛార్జర్ల డబ్బాల నడ్మ పెట్టె పెట్టుకొని కూసున్నడు. ముందు గిరాకి, బస్సుల హారన్లు, పక్కన మిర్చి బజ్జీల బండి. పాడేటోడు, దగ్గేటోడు, హారన్ మోగితె "షటర్ జర దించు భాయ్" అనేటోడు, "ఆఁ, మళ్ల" అనేటోడు, మళ్ల అందుకునేటోడు. రాజు బాయి తవ్వబోయే పద్యం ఎత్తుకుంటె బజ్జీలాయన గరిటె ఆపి వినేటోడు.

రాజు పేరు జెప్ప రాలునా చినుకులు
పలుగు బట్టి నేల పగులగొడుదు
కత్తి దించినాను గట్టుపై నో రాణి
తట్ట మోయ రమ్ము తడవు లేక

ఆ బొంగురు గొంతుల ఏముండెనో నేను చెప్పలేను. నాకు నాటకాలు తెల్వయి. మా ఇంట్ల గూడ ఎవ్వలికి తెల్వయి. కాని "తట్ట మోయ రమ్ము" అన్నప్పుడు నాకు మా అమ్మీ యాదికొచ్చేది. మా అబ్బాతోని కలిసి మట్టి మోసిన మనిషి ఆమె.

పద్యాలన్ని అయినయి, అన్ని ఆ ఫోల్డర్‌లనే, ఇంకేడ లేవు. మాస్టరు దవాఖానకు పోయిండు. గొంతు పోయింది. మెడకు గుడ్డ కట్టుకొని ఇంటికొచ్చిండు.

ఆట దగ్గరికొచ్చిందనంగ రాజు ఫోను చేసిండు. "భాయ్, నా ఫోల్డర్ ఖాళీగ ఉన్నది." అటెనుక మంత్రి చేసిండు. నా కంప్యూటర్‌ల తెరిచి చూసిన. ఖాళీ. రాణికి చేసిన. ట్రాక్టర్ చప్పుట్ల నుంచే అరుస్తున్నడు: "హౌ భాయ్, నేనే తీసిన! మెమరీ నిండింది, బిడ్డ పుట్టినరోజు వీడియో పడ్తలేదు. నాకు పద్యాలన్ని నోటికొచ్చినయి గద, ఇగ అయెందుకని తీసిన. నా ఫోన్లయే తీసిన భాయ్, వాళ్లయి నేను ముట్టలే!" ఎట్ల చెప్పాలె ఆ మనిషికి? తిట్టిన తిట్టు తిట్టకుంట తిట్టిన. అటుదిక్కు ట్రాక్టర్ బంద్ అయ్యింది. "మాస్టర్ గొంతు పోయిందా భాయ్?" అన్నడు. ఇగ ఆ మీసాల మనిషి ఏడుస్తుంటె నేను తిట్టుడు మరిచిపోయిన.

ఊకె ఏడ్సుకుంట కూసుంటె పని కాదు. నెట్ల తీసేసినయి వెంటనే మాయం కావు. చెత్తబుట్ట లెక్కొకటి ఉంటది, కొన్ని దినాలు దాంట్ల పడుంటయి, అటెనుక అదే ఖాళీ అయితది. తెల్లారినంక గాని ఇది నాకు యాదికి రాలే. తెరిచిన. అన్ని ఉన్నయి. అల్లా, ఎంత సంబురమైందంటె షాపు షటర్ సగం దించి మాస్టర్ ఇంటికి బండి మీద ఉరికిన. ఈ ముచ్చట ఆయన మొకం చూసుకుంట చెప్పాలె, అప్పుడు ఆయన ముంగటనే వాపస్ తేవాలె అని.

నేను పోయేసరికి ముగ్గురు అప్పటికే ఆడున్నరు. మాస్టర్‌కు మొకం చూపియ్యలేక రాణి తలుపు కాడనే నిలబడ్డడు. మాస్టరు పెట్టె ముంగట కూసున్నడు. మాట పోయినంక ఆయన పెట్టెతోనే మాట్లాడేటోడు. సన్నటి మెట్టు ఒకటి నొక్కితె అవును, దొడ్డు మెట్టు నొక్కితె కాదు. వాళ్ల ఇంటామె, నేను పెద్దమ్మ అంట, తక్కినయి చేతుల సైగలు చూసి చెప్పేది. ముగ్గురి ఫోన్లు పెట్టె ముంగట వరుసగ పెట్టున్నయి, రికార్డింగు నడుస్తున్నది. పోయిన పద్యాలు వాళ్లే యాదికి తెచ్చుకొని పాడి, మళ్ల ఫోల్డర్‌ల పెడుతున్నరు.

రాజు ఎత్తుకుండు. "రాజు పేరు జెప్ప రాలునా..." ఆపి, దగ్గిండు. "ఆఁ, మళ్ల" అన్నడు. అప్పుడు "చినుకులు" అన్నడు. జలుబు కాదు, ఏం కాదు. మాస్టర్ ఎక్కడ దగ్గిండో సరిగ్గ ఆడనే, అంతనే దగ్గిండు. నేను మంత్రి దిక్కు చూసిన. ఆయన వంతు రాంగనె మస్తు గంభీరంగ రెండు పాదాలు పాడి, అదే రాగంల "షటర్ జర దించు భాయ్" అన్నడు, మూడో పాదం అందుకుండు.

నేను ఆగలేకపోయిన. పెద్దమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నది. మాస్టర్ భుజాలు కదులుతున్నయి. చప్పుడు లేదు, కండ్లల్లకెల్లి నీళ్లు కారుతున్నయి, ఆయన నవ్వుతున్నడని జరసేపటికి గాని మాకు తెల్వలే. ఆపరేషన్ అయినంక నవ్వంగ చూసుడు గదే మొదాలు. రాజుకు మాత్రం ఏం సమజ్ కాలే. "గట్లనే ఉండె గద మాస్టర్, పద్యం?" అన్నడు.

అప్పుడు చెప్పిన నేను, ఫోన్ల బుట్ట తెరిచి చూపిచ్చుకుంట. "పరేషాన్ కావద్దు, పోలేదు సార్. ఒక్కటి నొక్కితె మీ గొంతు మొత్తం వాపస్ వస్తది."

రాణి వచ్చి నా భుజం పట్టుకుండు. అందరి మొకాలల్ల పానం వచ్చింది. మాస్టరు ఫోను దిక్కు చూసిండు, వాళ్ల దిక్కు చూసిండు. దొడ్డు మెట్టు నొక్కిండు.

"కాదంటున్నడేంది?" అన్న నేను.

ఫోను తీసుకొని ఒంటివేలుతోని టైపు చేసిండు, మస్తు సేపు పట్టింది. నాకు చూపిచ్చిండు: 'వద్దు భాయ్. అది ఉంటె వీళ్లు సచ్చేదాక నా దగ్గే దగ్గుతరు. వీళ్ల గొంతుతోని పాడనీ.'

నాకు కోపమొచ్చింది. పెద్దాయన ముంగట ఎప్పుడు గొంతు లేపనోన్ని, లేపిన. "మీకు ఆట ఒక్కటే కనబడ్తుందా సార్? ఇది గొంతు! ఈ బుట్ట ఖాళీ అయితె మీ గొంతు లోకంల ఏడ గూడ ఉండదు!" ఆయన మళ్ల దొడ్డు మెట్టే నొక్కిండు, ఈసారి మెల్లగ. ఇగ ఏమంటం? మొండితనంల ఆయనను గెలిచినోడు లేడు.

బయటికొచ్చి బండి తీస్తుంటె పెద్దమ్మ ఎనుకనే వచ్చింది. ఆమె ఒక్క ఆట గూడ చూడలే అంటరు. ఆయన ఊర్లు తిరిగినన్ని దినాలు ఇల్లు, చేను ఆమెనే చూసుకున్నది. గేటు పట్టుకొని నిలబడి, "ఆట కట్టేటోళ్లకు అక్కెర లేదన్నడు, సరే. నాకు?" అన్నది.

నేను బండి బంద్ చేసిన.

"నాకు పద్యాలొద్దు బిడ్డా. పద్యాలు ఊరోళ్లయి. ఇంట్ల మాట్లాడుతుండె గద, ఆ గొంతు. ఉన్నదా నీ బుట్టల?"

బండి స్టాండేసి లోపటికి పోయిన. పెద్దమ్మ అడిగింది అడిగినట్టె చెప్పిన. మాస్టరు తల వంచుకొని కూసున్నడు. అటెనుక చెయ్యి చాపిండు, ఫోను ఇయ్యమని. వాళ్ల ముగ్గురిని బయట కూసోమన్నం. బుట్టల ఉన్నయి ఒక్కొక్కటి చెవి కాడ పెట్టుకొని వినుడు మొదలుపెట్టిండు. విను, దొడ్డు మెట్టు. విను, దొడ్డు మెట్టు. తన గొంతు తనే వినుకుంట కూసున్న మనిషిని చూసుడు నాతోని కాలే, గోడ మీది క్యాలెండర్ దిక్కు చూసుకుంట నిలబడ్డ.

ఒకదాని కాడ ఆగిండు. అది పద్యం అయిపోయినంక నేను రికార్డింగు బంద్ చేసుడు మరిచిన ముక్క. మళ్ల పెట్టిండు, ఈసారి స్పీకర్ల. మాస్టర్ గొంతు, నాతోని ముచ్చట పెడుతున్నడు: "ఇగ చాలు భాయ్, ఇంటికి పోవాలె. నేను పోయేదాక ముద్ద ముట్టదామె. ఎంత చెప్పు, వినదు. పెండ్లయినకాడికెల్లి ఒక్కపారి గూడ నాకన్న ముందుగాల తినలే. నేనే ఊర్లు పట్టుకొని తిరిగిన. ఆమెకు ఒక్క పద్యమన్న కట్టలేకపోయిన చూడు." మళ్ల పెట్టె మూసిన చప్పుడు.

పెద్దమ్మ గడప కాడ నిలబడి విన్నది. మాస్టరు సన్నటి మెట్టు మీద వేలు పెట్టి, గాలి అయిపోయేదాక అట్లనే నొక్కి పట్టిండు.

పెద్దమ్మకు బటన్ల ఫోనే ఉండె. ఆ ఒక్క ముక్క దాంట్ల మెమరీ కార్డుకు ఎక్కిచ్చిన. ఏ యాపుకు జోడి కట్టలే, ఏ దిక్కుకు పోదు, ఏ దిక్కుకెల్లి రాదు. ఏ బటన్ నొక్కాలెనో చూపిచ్చిన. తక్కిన బుట్ట దినాలు నిండినంక అదే ఖాళీ అయ్యింది. ఆ దినం నేను కంప్యూటరే తెరువలే.

ఆట అయ్యింది, మా గోపాల్‌పేట పక్క ఊర్లెనే. నేను ముందు వరుసల కూసున్న. రాజు "రాలునా" అన్నప్పుడు నేను స్టేజీ దిక్కు ముందుకు ఒంగిన. దగ్గలే. ఆయన గొంతు సన్నది, మాస్టర్ తీరు లాగలేడు, అందుకని ఆ మాట కాడ జర ఆగి, మెల్లగ, బతిమాలినట్టు అడిగిండు. చేను ఎండినోడు అడిగినట్టె ఉండె. మాస్టరు పెట్టె మీదికెల్లి తల లేపి ఆయనను చూసిండు. ఆ చూపు నాకు చాలు అనిపిచ్చింది. పెద్దమ్మ గూడ వచ్చింది ఆ ఆటకు, ఎనుకల ఆడోళ్లల్ల కూసున్నది.

మాస్టరు పోయిననాడు ముగ్గురు వచ్చిన్రు. రాణి ట్రాక్టర్ మీద మైకు సెట్టు తెచ్చిండు. జనం మస్తు ఉన్నరు, ఊరూరి నుంచి వచ్చినోళ్లు. రాణి నన్ను మైకు కాడికి పిలిచి "భాయ్, మాస్టర్ గొంతు ఏదన్న ఒక్కటి నీ తాన ఉంటది గద, పెట్టు. చివరిపారి అందరం విందం" అని బతిమాలిండు. అందరు నా దిక్కు చూసిన్రు. నేను పెద్దమ్మ దిక్కు చూసిన.

ఆమె మాస్టర్ తలకాడ కూసున్నది. కండ్లు తుడుసుకొని తల లేపింది. "లేదు బిడ్డా. ఆయన గొంతు ఎవ్వలి తాన లేదు. మీరు పాడున్రి, మీ గొంతులతోని" అన్నది. ఒక చెయ్యి నడుముకాడ కొంగు ముడి మీద ఉన్నది, ముడి లోపట ఫోను ఉన్నది.

"నిజమేనా భాయ్?" అన్నడు రాణి.

"హౌ, లేదు" అన్న నేను.